ఆస్ట్రేలియా 491 ప్రాంతీయ వీసా: కుటుంబంతో సహా ఎలా దరఖాస్తు చేసుకోవాలి, ఆ ఐదేళ్లూ ఎలా గడపాలి

నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులను పెద్ద నగరాలకు దూరంగా ఉన్న ప్రాంతాలకు రప్పించడం కోసం ఆస్ట్రేలియా ప్రభుత్వం 2019 నవంబరు 16న రెండు తాత్కాలిక వీసాలను అమల్లోకి తెచ్చింది. వాటిలో 491 వయసు, చదువు, అనుభవం, ఇంగ్లీషు వంటివాటికి ఇచ్చే పాయింట్ల ఆధారంగా, ఒక రాష్ట్ర ప్రభుత్వం నామినేషన్‌తో గానీ అక్కడ స్థిరపడిన దగ్గరి బంధువు స్పాన్సర్‌షిప్‌తో గానీ వస్తుంది. 494 మాత్రం ఉద్యోగం ఇచ్చే యజమాని ద్వారా వస్తుంది. రెండింటి గడువూ ఐదేళ్లే. నిబంధనలు పాటిస్తూ కనీసం మూడేళ్లు గడిపినవారు 191 అనే శాశ్వత నివాస వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ వ్యాసం ప్రధానంగా 491 గురించి. 494 గురించి అవసరమైనంత మేరకు మధ్యలో చెబుతాను.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఈ వీసా ప్రస్తావన వస్తే చర్చ అంతా పాయింట్ల చుట్టూ తిరుగుతుంది. పాయింట్లు లేకపోతే దరఖాస్తు చేయమనే ఆహ్వానం రాదన్నది నిజమే. అయితే 491 తీసుకోవడమంటే ఫలానా ప్రాంతంలోనే ఉంటాం, అక్కడే పనిచేస్తాం, పిల్లలను అక్కడే చదివిస్తాం అని కుటుంబమంతా కలిసి ఒప్పుకోవడం. ఆ ఒప్పందాన్ని మూడేళ్లు పాటించామని చివర్లో కాగితాలతో చూపించాలి. అందుకే ఇక్కడ చెప్పే మొదటి మెట్టు, సాధారణంగా అందరూ చివరికి వదిలేసే మెట్టు.

మొదటి మెట్టు: ఊరిని ముందే ఎంచుకోండి

ఈ వీసా లెక్కలో సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ మహానగరాలు తప్ప మిగిలిన ఆస్ట్రేలియా అంతా ప్రాంతీయమే. అంటే అడిలైడ్, పెర్త్, హోబార్ట్, కాన్‌బెరా, డార్విన్ వంటి రాజధాని నగరాలు కూడా దీని కిందికే వస్తాయి. న్యూకాజిల్, వోలంగాంగ్, జీలాంగ్, గోల్డ్ కోస్ట్, సన్‌షైన్ కోస్ట్ వంటి పెద్ద పట్టణాలు, బాలరట్, బెండిగో, టూవూంబా, టౌన్స్‌విల్, లాన్సెస్టన్ వంటి చిన్న పట్టణాలు కూడా ఇందులో ఉన్నాయి. ప్రాంతీయమా కాదా అన్నది పోస్ట్‌కోడ్‌ను బట్టి తేలుతుంది కాబట్టి, ఇల్లు చూసే ముందు ఆ పోస్ట్‌కోడ్ హోం అఫైర్స్ శాఖ (వీసాలు చూసే ఆస్ట్రేలియా ప్రభుత్వ శాఖ) ప్రకటించిన జాబితాలో ఉందో లేదో ప్రతిసారీ చూసుకోండి.

ఇక్కడ మనవారికి ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. మెల్‌బోర్న్ పడమటి వైపున ఉన్న టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వంటి చోట్ల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఊరికి కొత్తగా వచ్చినవారికి అక్కడ తోడు దొరుకుతుంది, గుడి దగ్గర, కిరాణా దగ్గర. కానీ అవన్నీ మెల్‌బోర్న్ మహానగరంలో భాగం. 491 మీద వచ్చినవారు అక్కడ కాపురం పెట్టడం నిబంధనకు విరుద్ధం. బంధువుల ఇంటికి పండుగకు వెళ్లవచ్చు, నాలుగు రోజులు ఉండి రావచ్చు. నివాసం, పని, చదువు మాత్రం అక్కడ కుదరవు. జీలాంగ్‌లో ఇల్లు తీసుకుని వారంలో రెండు రోజులైనా మెల్‌బోర్న్ ఆఫీసుకు వెళ్లి పనిచేయాల్సిన ఉద్యోగం కూడా ఈ వీసాకు పనికిరాదు.

కాబట్టి భార్యాభర్తలిద్దరూ కూర్చుని ముందు ఊరి గురించి మాట్లాడుకోండి. మీ వృత్తిలో ఆ ఊళ్లో ఖాళీలు ఉన్నాయా అని సీక్ వంటి ఉద్యోగ ప్రకటనల సైట్లలో కొన్ని వారాల పాటు గమనించండి. ఇద్దరిలో ఒకరికే పని దొరికే ఊరు అయితే, ఒక జీతంతో అద్దె, కారు, పిల్లల ఖర్చులు భరించగలమా అని లెక్క వేసుకోండి. చిన్న పట్టణాల్లో బస్సులు తక్కువ. కారు లేకుండా ఉద్యోగానికి వెళ్లడం చాలా చోట్ల సాధ్యపడదు కాబట్టి, మీ ఇద్దరిలో ఎవరికి డ్రైవింగ్ వచ్చో, లైసెన్స్ ఎన్నేళ్ల నాటిదో కూడా ఆ లెక్కలోకే వస్తుంది. సాఫ్ట్‌వేర్ వారికి అడిలైడ్, కాన్‌బెరా వంటి నగరాల్లో అవకాశాలు ఉంటాయి, చిన్న పట్టణాల్లో తక్కువ. నర్సులకు, ఉపాధ్యాయులకు, సివిల్ ఇంజనీర్లకు పరిస్థితి దీనికి భిన్నం. చాలా ప్రాంతీయ పట్టణాలకు కావలసినవారు వారే.

రెండో మెట్టు: వృత్తి కోడ్, నైపుణ్య మదింపు

ఆస్ట్రేలియా ప్రతి వృత్తికీ ఆరంకెల కోడ్ ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌కు 261313, డెవలపర్ ప్రోగ్రామర్‌కు 261312, సివిల్ ఇంజనీర్‌కు 233211, సెకండరీ స్కూల్ టీచర్‌కు 241411, షెఫ్‌కు 351311. మీ కార్డు మీద ఉన్న హోదా ఏమిటన్నది ఇక్కడ ముఖ్యం కాదు, మీరు రోజూ చేసే పని ఆ కోడ్ కింద రాసిన విధులతో సరిపోవడం ముఖ్యం.

కోడ్ తేలాక దానికి కేటాయించిన సంస్థ చేత మీ చదువును, అనుభవాన్ని మదింపు చేయించాలి. ఐటీ వారికి ఏసీఎస్, ఇంజనీర్లకు ఇంజనీర్స్ ఆస్ట్రేలియా, ఉపాధ్యాయులకు ఎయిట్సిల్, నర్సులకు ఆన్‌మాక్, ఇంకా అనేక వృత్తులకు వెటాసెస్, చేతివృత్తుల వారికి టీఆర్ఏ. ఒక్కో సంస్థకు ఒక్కో పద్ధతి ఉంది. ఎయిట్సిల్ ఉపాధ్యాయుల నుంచి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో చదవడం, రాయడంలో 7, వినడం, మాట్లాడడంలో 8 అడుగుతుంది. మన దేశం 2014లో, ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది కాబట్టి, ఆ ఒప్పందం కింద గుర్తింపు ఉన్న కోర్సు చదివిన ఇంజనీర్లకు దారి సులువు. ఆ గుర్తింపు లేని కళాశాలల్లో చదివినవారు తాము చేసిన మూడు పనుల గురించి మూడు వ్యాసాలతో సామర్థ్య నివేదిక రాసి పంపాలి. దీన్ని డబ్బిచ్చి రాయించుకోకండి. ఆ సంస్థ ప్రతి నివేదికనూ నకలు పరీక్షకు పెడుతుంది; దొరికినవారిపై నిషేధం విధిస్తుంది.

సాఫ్ట్‌వేర్ వారు తప్పక తెలుసుకోవలసినది ఇంకొకటి ఉంది. ఏసీఎస్ మీ మొత్తం అనుభవాన్ని లెక్కలోకి తీసుకోదు. కంప్యూటర్ సైన్స్ డిగ్రీ ఉండి, అది మీ వృత్తికి దగ్గరగా ఉంటే సాధారణంగా మొదటి రెండేళ్లను తీసేస్తుంది. డిగ్రీ వృత్తికి అంత దగ్గరగా లేకపోతే నాలుగేళ్లు, డిగ్రీలో ఐటీ భాగం తక్కువగా ఉంటే ఇంకా ఎక్కువ, అసలు ఐటీ డిగ్రీ కాకపోతే ఆరేళ్ల వరకు తీసేస్తుంది. మెకానికల్, సివిల్ చదివి కోడింగ్ ఉద్యోగాల్లోకి వచ్చినవారు మన దగ్గర ఎందరో కాబట్టి ఈ విషయం బాగా తెలిసి ఉండాలి. ఏసీఎస్ ఇచ్చే లేఖలో ఏ తేదీ తరువాతి అనుభవాన్ని నైపుణ్యంగా గుర్తించిందో రాసి ఉంటుంది. పాయింట్లు ఆ తేదీ నుంచే లెక్కపెట్టుకోవాలి.

అనుభవానికి ఆధారాలు సమకూర్చడమే ఈ మెట్టులో అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకునే పని. పెద్ద కంపెనీల హెచ్ఆర్ విభాగాలు చేరిన తేదీ, వదిలిన తేదీ, హోదా మాత్రమే ఉన్న లేఖ ఇచ్చి ఊరుకుంటాయి. విధులు వివరంగా ఉన్న లేఖ దొరకకపోతే, మీతో పనిచేసిన మేనేజర్ గానీ సీనియర్ సహోద్యోగి గానీ మీరు ఏయే పనులు చేశారో నోటరీ ముందు ప్రమాణపూర్వకంగా రాసి ఇవ్వవచ్చు. దానికి తోడుగా హెచ్ఆర్ లేఖ, ఆఫర్ లెటర్, జీతం స్లిప్పులు, ఫారం 16, 26ఏఎస్, పీఎఫ్ పాస్‌బుక్, జీతం జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేయాలి. కంపెనీ మారినప్పుడల్లా యూఏఎన్‌లో వివరాలు సరిగ్గా బదిలీ అయ్యాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ఒక తేదీ పీఎఫ్‌లో ఒకలా, అనుభవ లేఖలో మరోలా ఉంటే అధికారి అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

కన్సల్టెన్సీ ద్వారా దొంగ అనుభవం పెట్టుకోమని సలహా ఇచ్చేవారు మీకు తారసపడతారు. దయచేసి ఆ దారిలో వెళ్లకండి. తప్పుడు పత్రం లేదా తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే దరఖాస్తు తిరస్కరించడమే కాకుండా మూడేళ్ల పాటు మరో వీసా రాకుండా అడ్డుకునే నిబంధన ఉంది. గుర్తింపు విషయంలో మోసం జరిగితే అది పదేళ్లు. ఆ దరఖాస్తులో ఉన్న భార్య లేదా భర్త, పిల్లలు కూడా ఆ దెబ్బ తింటారు.

మూడో మెట్టు: ఇంగ్లీషు పరీక్ష, పాయింట్ల లెక్క

ఆహ్వానం వచ్చే నాటికి మీ వయసు 45 లోపు ఉండాలి, కనీసం 65 పాయింట్లు ఉండాలి, ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగు విభాగాల్లోనూ కనీసం 6 లేదా ఆమోదించిన ఇతర పరీక్షల్లో దానికి సమానమైన స్కోరు ఉండాలి. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో రాసే పరీక్షలు చెల్లవు. కేంద్రానికి వెళ్లి రాయాలి. 6 వస్తే అర్హత మాత్రమే, పాయింట్లు సున్నా. అన్నిటిలో 7 వస్తే 10, అన్నిటిలో 8 వస్తే 20. వయసుకు 25 నుంచి 32 మధ్య ఉన్నవారికి 30 పాయింట్లు, 33 నుంచి 39 వరకు 25, 40 నుంచి 44 వరకు 15. డిగ్రీకి 15, డాక్టరేట్‌కు 20. ఆస్ట్రేలియా వెలుపల నైపుణ్య అనుభవం మూడేళ్లకు 5, ఐదేళ్లకు 10, ఎనిమిదేళ్లకు 15. అదీ గత పదేళ్లలోని అనుభవమే. 491 నామినేషన్‌కు లేదా బంధువు స్పాన్సర్‌షిప్‌కు 15 పాయింట్లు అదనం.

ఒక ఉదాహరణ చూద్దాం. 31 ఏళ్ల వయసు, కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్, ఆరేళ్ల అనుభవం ఉన్న వ్యక్తి ఉన్నారనుకోండి. ఏసీఎస్ రెండేళ్లు తీసేస్తే నాలుగేళ్లు మిగులుతాయి, దానికి 5 పాయింట్లు. వయసుకు 30, డిగ్రీకి 15, ఇంగ్లీషులో అన్నీ 7 కాబట్టి 10. మొత్తం 60. నామినేషన్ వస్తే 75. భార్య ఐఈఎల్‌టీఎస్‌లో అన్నీ 6 తెచ్చుకుంటే మరో 5. ఆమె తన వృత్తిలో నైపుణ్య మదింపు కూడా చేయించుకుని, ఆ వృత్తి కూడా అర్హత జాబితాలో ఉంటే 5 బదులు 10. దీనికి తోడు తెలుగు భాష కూడా ఉపయోగపడుతుంది. అనువాదకులకు ధ్రువీకరణ ఇచ్చే నాటీ సంస్థ నిర్వహించే సీసీఎల్ పరీక్షను తెలుగులో రాయవచ్చు: ఇంగ్లీషు, తెలుగు మాట్లాడే ఇద్దరి మధ్య జరిగే రెండు సంభాషణలను అటూ ఇటూ అనువదించి చెప్పాలి. 90కి 63 మార్కులు, అందులో ఒక్కో సంభాషణలో 45కి కనీసం 29 వస్తే మరో 5 పాయింట్లు. తెలుగు బాగా వచ్చు కదా అని తేలిగ్గా తీసుకోకండి. బీమా, కోర్టు, ఆసుపత్రి, సంక్షేమ పథకాలకు సంబంధించిన మాటలను వెంటనే తెలుగులో చెప్పగలగాలి, దానికి అభ్యాసం కావాలి.

పెళ్లి కానివారికి 10 పాయింట్లు వస్తాయి. ఆహ్వానం వచ్చిన రోజుకు నిజంగా అవివాహితులై ఉంటేనే అవి మీవి. 65 అన్నది కనీసార్హత మాత్రమే. పోటీ ఎక్కువగా ఉన్న ఐటీ, అకౌంటింగ్ వృత్తుల్లో ఆహ్వానాలు దానికంటే చాలా పైన ఉన్నవారికే వస్తాయి. వయసు 33లోకి అడుగుపెట్టబోతున్నవారు ఇంగ్లీషు పరీక్షను వాయిదా వేయడం వల్ల ఎంత నష్టపోతారో పై లెక్కే చెబుతుంది.

నాలుగో మెట్టు: ఈఓఐ, నామినేషన్

స్కిల్‌సెలెక్ట్ అనే ప్రభుత్వ వ్యవస్థలో ఈఓఐ అనే ఆసక్తి ప్రకటన నమోదు చేయాలి. దీనికి ఫీజు లేదు, రెండేళ్లు చెల్లుతుంది. ఇది దరఖాస్తు కాదు కాబట్టి పత్రాలేవీ జతచేయనక్కర్లేదు. అందుకే చాలామంది ఇందులో అజాగ్రత్తగా నింపుతారు. మీరు క్లెయిమ్ చేసిన పాయింట్ల మీదే ఆహ్వానం వస్తుంది. తరువాత ఆధారాలు చూపించినప్పుడు ఆ పాయింట్లు తగ్గితే దరఖాస్తు తిరస్కరిస్తారు, ఫీజు తిరిగి ఇవ్వరు. ముఖ్యంగా ప్రస్తుత ఉద్యోగానికి ముగింపు తేదీని ఖాళీగా ఉంచితే వ్యవస్థ నెలలు గడిచేకొద్దీ అనుభవాన్ని తనంతట తాను పెంచుకుంటూ పోతుంది. ఉద్యోగం వదిలేసి ఆ తేదీ మార్చడం మరిచిపోతే, లేని పాయింట్లతో ఆహ్వానం వస్తుంది. అలాంటి ఆహ్వానాన్ని వాడుకోకుండా వదిలేయడమే మంచిది.

రాష్ట్ర నామినేషన్ కోసం ఈఓఐ ఒక్కటే సరిపోదు. విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా వంటి రాష్ట్రాలు తమ వెబ్‌సైట్‌లో విడిగా ఆసక్తి నమోదు చేయమంటాయి. కాన్‌బెరా తన సొంత మ్యాట్రిక్స్ పద్ధతిలో పాయింట్లు లెక్కిస్తుంది. కేంద్ర ప్రభుత్వం జూలై 1 నుంచి జూన్ 30 వరకు సాగే ఏడాదికి ఒక్కో రాష్ట్రానికి ఇన్ని నామినేషన్లు అని కేటాయిస్తుంది. అవి అయిపోతే ఆ ఏడాదికి ఆ తలుపు మూతపడినట్టే. వృత్తుల జాబితాలు, అనుభవ నియమాలు, విదేశాల్లో ఉన్నవారిని తీసుకుంటారా లేదా అన్నవి ఏటా మారుతూనే ఉంటాయి. అందువల్ల నిరుడు ఎవరికో వచ్చింది కదా అన్న ధీమాతో ఉండకుండా, మీరు ఎంచుకున్న రాష్ట్రం ఈ ఏడాది ఏమడుగుతోందో ఆ రాష్ట్ర ప్రభుత్వం పేజీలోనే చదవండి. ఆ రాష్ట్రంలో ఎందుకు ఉండాలనుకుంటున్నారో రాయమంటే, మొదటి మెట్టులో మీరు చేసిన ఊరి పరిశోధన, ఉద్యోగ ప్రకటనలు, ఖర్చుల లెక్క ఇక్కడ పనికొస్తాయి.

రెండో దారి బంధువు స్పాన్సర్‌షిప్. ఆస్ట్రేలియా పౌరసత్వం లేదా శాశ్వత నివాసం ఉండి, ప్రాంతీయ ప్రాంతంలో నివసించే బంధువు మీకు గానీ, మీతో పాటు దరఖాస్తులో ఉన్న మీ జీవిత భాగస్వామికి గానీ ఉంటే చాలు. తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, తాతయ్య, అమ్మమ్మ, నానమ్మ, పెదనాన్న, బాబాయి, మేనమామ, మేనత్త, పెద్దమ్మ, పిన్ని, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలు, అలాగే పెదనాన్న, మేనమామ వంటివారి పిల్లలు ఈ నిర్వచనంలోకి వస్తారు. మనం వరసలు కలుపుకునే దూరపు బంధువులు, వేలువిడిచిన మేనమామ, అమ్మకు పినతల్లి కూతురు లాంటివారు రారు. బంధుత్వాన్ని పుట్టిన ధ్రువపత్రాలతో ఒక్కో తరం కలుపుతూ నిరూపించాలి. పాత తరం వారికి పుట్టిన పత్రాలు ఉండవు కనుక పదో తరగతి మెమో, మీసేవ ద్వారా తీసుకునే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాత రేషన్ కార్డు వంటివి సేకరించుకోండి. ఇంటిపేరు ఒక చోట పొడి అక్షరంగా, ఒక చోట పూర్తిగా, మరొక చోట చివర ఉండడం మన పత్రాల్లో మామూలే; ఆ పేర్లన్నీ ఒకే వ్యక్తివని చెప్పే అఫిడవిట్ ముందే చేయించి పెట్టుకోండి.

ఐదో మెట్టు: ఆహ్వానం తరువాత 60 రోజులు

ఆహ్వానం అందిన రోజు నుంచి 60 రోజుల్లో ఇమ్మిఅకౌంట్ అనే శాఖ ఆన్‌లైన్ ఖాతా ద్వారా పూర్తి దరఖాస్తు వేసి ఫీజు కట్టాలి. 2025 జూలై నుంచి ప్రధాన దరఖాస్తుదారుకు 4,910 ఆస్ట్రేలియా డాలర్లు, 18 దాటిన కుటుంబ సభ్యునికి 2,455, 18 లోపు పిల్లలకు ఒక్కొక్కరికి 1,230. ఇద్దరు చిన్న పిల్లలున్న కుటుంబానికి ఇదే 9,825 డాలర్లవుతుంది. ఏటా జూలై 1న ఈ రేట్లు పెరుగుతుంటాయి కాబట్టి కట్టే రోజున ఎంత ఉందో చూసుకోండి. ఇవి కాక వైద్య పరీక్షలు, పోలీసు ధ్రువపత్రాలు, నైపుణ్య మదింపు ఖర్చులు వేరే ఉంటాయి.

ఇంగ్లీషు రాని జీవిత భాగస్వామి గురించి ముందే ఆలోచించండి. 18 దాటిన కుటుంబ సభ్యులు వ్యవహారానికి సరిపడా ఇంగ్లీషు ఉందని చూపించలేకపోతే, వీసా ఇచ్చే ముందు మరో 4,890 డాలర్లు కట్టమంటారు. ఐఈఎల్‌టీఎస్‌లో సగటు 4.5 వచ్చినా, ఇంగ్లీషు మీడియంలో డిగ్రీ చదివినట్టు కళాశాల లేఖ ఉన్నా ఆ ఖర్చు తప్పుతుంది. కళాశాల నుంచి బోధనా మాధ్యమం లేఖ తెచ్చుకోవడానికి మన దగ్గర ఒకటి రెండు రోజులు కాదు, ఒక్కోసారి వారాలు పడుతుంది. తెలుగు మాధ్యమంలో చదివినవారు పరీక్ష రాయడమే మేలు.

పోలీసు ధ్రువపత్రం 16 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ కావాలి. గత పదేళ్లలో మొత్తం 12 నెలలు లేదా అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి దేశం నుంచీ కావాలి. ఇక్కడి ధ్రువపత్రం పాస్‌పోర్ట్ సేవ ద్వారా వస్తుంది. దుబాయ్‌లోనో కువైట్‌లోనో పనిచేసి వచ్చినవారు ఆ దేశం ధ్రువపత్రానికి ముందుగానే ఏర్పాట్లు మొదలుపెట్టాలి. వైద్య పరీక్షలు ఆస్ట్రేలియా గుర్తించిన వైద్యుల దగ్గరే చేయించాలి. కుటుంబంలో ఒక్కరు ఆరోగ్య నిబంధనలో నెగ్గకపోయినా మొత్తం కుటుంబానికి వీసా ఆగిపోవచ్చు. ఇంట్లో దీర్ఘకాలిక వ్యాధి ఉన్నవారు గానీ ప్రత్యేక అవసరాలున్న పిల్లలు గానీ ఉంటే, ఫీజు కట్టకముందే ఆస్ట్రేలియాలో నమోదైన మైగ్రేషన్ ఏజెంట్‌ను సంప్రదించండి. అలాంటి ఏజెంట్లకు ఏడంకెల నమోదు సంఖ్య ఉంటుంది, ప్రభుత్వ జాబితాలో దాన్ని సరిచూసుకోవచ్చు. మన ఊళ్లోని కన్సల్టెంట్లకు ఆ నమోదు తప్పనిసరి కాదు. అందువల్ల వారు తప్పు చేస్తే అక్కడి నియంత్రణ సంస్థ మీకు పెద్దగా సాయపడలేదు.

కుటుంబంలోకి ఎవరెవరు వస్తారన్నది స్పష్టంగా ఉంది. భార్య లేదా భర్త, 18 లోపు పిల్లలు, మీ మీద ఆధారపడిన 23 ఏళ్ల లోపు పిల్లలు. తల్లిదండ్రులను ఇందులో చేర్చలేరు. మన ఇళ్లలో ఇది ఎంత బాధ కలిగిస్తుందో తెలిసే చెబుతున్నాను. వారి విషయం సందర్శక వీసా వంటి వేరే దారుల్లోనే చూసుకోవాలి. వీసా వచ్చాక పెళ్లి చేసుకుంటే భాగస్వామిని తరువాత అదే రకం వీసా మీద చేర్చుకోవచ్చు.

యజమాని ద్వారా వెళ్లేవారికి

494కి మీ వృత్తిలో కనీసం మూడేళ్ల అనుభవం, అర్హత ఉన్న వృత్తి, ప్రాంతీయ యజమాని నామినేషన్ కావాలి. ఏడాది జీతం ప్రభుత్వం నిర్ణయించిన కనీస పరిమితికి తగ్గకూడదు. 2025 జూలై నుంచి అది 76,515 డాలర్లు. ఉద్యోగం పోతే వరుసగా 180 రోజుల లోపు మరో స్పాన్సర్‌ను వెతుక్కోవాలి. శిక్షణ నిధి లెవీని యజమానే భరించాలి. స్పాన్సర్‌షిప్ కోసం మీ దగ్గర డబ్బు అడగడం ఆస్ట్రేలియా చట్టం ప్రకారం నేరం. ఇరవై లక్షలు ఇస్తే ఉద్యోగం, వీసా, పీఆర్ అన్నీ చూసుకుంటామని ఎవరైనా అంటే అక్కడితో ఆ మాటలు ఆపేయండి.

ఆరో మెట్టు: అక్కడ దిగిన తరువాత

వీసా లేఖలో తొలి ప్రవేశానికి గడువు తేదీ ఉంటే దాన్ని దాటనివ్వకండి. దిగిన మొదటి వారంలో టీఎఫ్ఎన్ అనే పన్ను సంఖ్యకు దరఖాస్తు చేయండి, బ్యాంకు ఖాతా తెరవండి, మెడికేర్‌లో నమోదు చేసుకోండి. ఇతర తాత్కాలిక వీసాలకు చాలావరకు దొరకని ఈ ప్రభుత్వ వైద్య సదుపాయం 491, 494 కుటుంబాలకు ఉంది. పిల్లల బడి ఫీజుల నియమం రాష్ట్రానికో రకంగా ఉంటుంది, కాబట్టి ఆ రాష్ట్ర విద్యాశాఖను అడగండి. విశ్వవిద్యాలయం వయసు పిల్లలున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి: శాశ్వత నివాసం వచ్చే వరకు వారు సాధారణంగా విదేశీ విద్యార్థుల ఫీజే కట్టాల్సి వస్తుంది. నర్సులు ఉద్యోగంలో చేరడానికి ఆప్రా అనే ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ నమోదు, ఉపాధ్యాయులు ఆ రాష్ట్ర ఉపాధ్యాయ నమోదు విడిగా పొందాలి. వీసా కోసం చేసిన మదింపు ఆ పని చేయదు.

ఇల్లు మారినా, ఫోన్ నంబరు, ఈమెయిల్, పాస్‌పోర్ట్, యజమాని, పనిచేసే చోటు మారినా 14 రోజుల్లో శాఖకు తెలియజేయాలి. శాఖ ఆధారాలు అడిగితే 28 రోజుల్లో ఇవ్వాలి. ఒక ప్రాంతీయ ఊరు నుంచి మరో ప్రాంతీయ ఊరికి మారడాన్ని వీసా నిబంధన అడ్డుకోదు, అయితే నామినేషన్ ఇచ్చిన రాష్ట్రం తన దగ్గరే ఉంటారని ఆశిస్తుంది. ఆ రాష్ట్రానికి మీరు రాసి ఇచ్చిన మాట నిలబెట్టుకోండి.

మొదటి రోజు నుంచే ఒక ఫైలు తెరవండి. అద్దె ఒప్పందం, బాండ్ (అద్దె డిపాజిట్) రసీదు, కరెంటు బిల్లులు, పని చేసే చిరునామా ఉన్న జీతం స్లిప్పులు, పిల్లల ప్రోగ్రెస్ రిపోర్టులు, మీరు శాఖకు పంపిన ప్రతి సమాచారం తాలూకు రసీదు అందులో వేస్తూ ఉండండి. బంధువుల ఇంట్లో అద్దె లేకుండా ఉంటే, ఆ ఇంటి చిరునామాకు మీ పేరుతో వచ్చే బ్యాంకు, ఫోన్ ఉత్తరాలు ఉండేలా చూసుకోండి. మూడేళ్ల తరువాత వీటిని వెనక్కి వెళ్లి సంపాదించడం చాలా కష్టం.

ఈ మూడేళ్లలో 189, 190 వంటి ఇతర నైపుణ్య శాశ్వత వీసాలకు మారే వీలు ఉండదు. అక్కడ బిడ్డ పుడితే తల్లిదండ్రులిద్దరూ తాత్కాలిక వీసా మీదే ఉన్నారు కాబట్టి బిడ్డకు పుట్టుకతో పౌరసత్వం రాదు; జనన ధ్రువపత్రంతో శాఖకు తెలియజేయాలి, ఇక్కడి పాస్‌పోర్ట్ కోసం భారత కాన్సులేట్‌లో దరఖాస్తు చేయాలి.

ఏడో మెట్టు: 191

191కి రెండు ముఖ్యమైన ఆధారాలు కావాలి. వీసా కనీసం మూడేళ్లు చేతిలో ఉండి నిబంధనలు పాటించి ఉండాలి. దాంతో పాటు మూడు ఆదాయ సంవత్సరాలకు, రిటర్న్ వేశాక పన్ను శాఖ ఇచ్చే నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్ ఉండాలి. ఇంత ఆదాయం ఉండాలన్న కనీస పరిమితి లేదు. అందువల్ల తక్కువ సంపాదించిన ఏడాది కూడా తప్పక రిటర్న్ వేయండి. సొంతంగా వేసేవారికి గడువు అక్టోబరు 31. ఆస్ట్రేలియా ఆదాయ సంవత్సరం జూలై 1న మొదలవుతుందన్నది ఇక్కడ ముఖ్యం. వీసా 2025 ఫిబ్రవరిలో వచ్చి, మీరు 2025 ఆగస్టులో దిగి పనిలో చేరితే, మూడేళ్లు 2028 ఫిబ్రవరికే నిండుతాయి కానీ మూడో నోటీసు 2028 జూలై తరువాత గానీ రాదు. వీసా వచ్చాక ఇక్కడే నెలలు గడిపేవారు ఈ లెక్క వేసుకుని ప్రయాణం నిర్ణయించుకోవాలి.

191 దరఖాస్తు అసలు వీసా గడువు ముగియకముందే వేయాలి. దాని ఫీజు 491తో పోలిస్తే చాలా తక్కువ. కుటుంబ సభ్యులు కూడా అదే దరఖాస్తులో చేరాలంటే వారి చేతిలో కూడా 491 గానీ 494 గానీ ఉండాలి, కాబట్టి పెళ్లి తరువాత ఆలస్యంగా వచ్చిన భాగస్వామికి ఆ వీసా ముందే తీసుకుని ఉంచండి. 191 వచ్చిన రోజు నుంచి సిడ్నీ, మెల్‌బోర్న్ సహా ఎక్కడైనా ఉండవచ్చు. పౌరసత్వానికి మొత్తం నాలుగేళ్ల చట్టబద్ధ నివాసం, అందులో చివరి 12 నెలలు శాశ్వత నివాసిగా ఉండడం అవసరం. 491 మీద అక్కడ గడిపిన కాలం కూడా ఆ నాలుగేళ్లలో కలుస్తుంది.